ఎవరి దుఃఖానికి ఎంత చోటు
(సహవాసి స్మారక ఉపన్యాసం)



జంపాల ఉమామహేశ్వరరావు అంటే గుర్తుపట్టనివాళ్లు కూడా సహవాసి అనగానే గుర్తుపడతారు. సహవాసి అన్నా తెలియనివాళ్లకు ‘ఏడుతరాలు’ తెలుస్తుంది. తన పేరు కన్నా తను తెచ్చిన పుస్తకం ఎక్కువ ఇళ్లకు చేరడం ఒక అనువాదకుడికి దక్కగల పెద్ద గౌరవమని నేను నమ్ముతాను. దానికి మూలం, అలెక్స్ హేలీ 1976లో వెలువరించిన ‘రూట్స్’, చాలా పెద్ద పుస్తకం. సహవాసి గారు దాన్ని కుదించి, తెలుగు పాఠకుడు ఊపిరి బిగబట్టి చదివేలా తిరగరాశారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ దాన్ని అచ్చువేసింది. గాంబియా నది ఒడ్డున జుఫూరె అనే పల్లె ఉందనీ, అక్కడి కుర్రాణ్ణి పట్టుకుపోయి గొలుసులతో ఓడ ఎక్కించారనీ మనలో చాలామందికి మొదట చెప్పింది ఆ అనువాదమే. స్కూలు పాఠాల్లో ఆ సంగతి లేదు.

కాబట్టి ఈ సాయంత్రం ఆయన తెరిచిన దారిలోనే మరికొంత దూరం వెళదామనుకుంటున్నాను. హేలీ రాసింది ఆఫ్రికా నుంచి అమెరికాకు బానిసలుగా పట్టుకొచ్చినవాళ్ల గురించి. నేను మాట్లాడబోయే పుస్తకం వాళ్ల మనవల మనవరాళ్ల గురించి. కాలేజీలో చదువుకుంటున్నవాళ్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, ఫోటోలు తీసేవాళ్లు. పుస్తకం పేరు ‘ది ఆఫీస్ ఆఫ్ హిస్టారికల్ కరెక్షన్స్’. రచయిత్రి డానియెల్ ఎవాన్స్. అమెరికాలో 2020 నవంబరులో వచ్చింది. ఆరు కథలు, చివర ఒక నవలిక. ఎవాన్స్‌కి ఇది రెండో పుస్తకం. మొదటి సంపుటి 2010లో వచ్చింది. అంటే పదేళ్లు ఆగి రాసిన పుస్తకం. ఆ ఆగడం ప్రతి వాక్యంలోనూ కనిపిస్తుంది.

1

ఈ సంపుటిలో ప్రతి కథలోనూ ఎవరో ఒకరు పోయారు, లేదా పోగొట్టుకున్నారు. క్యాన్సరుతో తల్లిని పోగొట్టుకున్న కూతుళ్లున్నారు. భర్త చేతిలోనే తుపాకీ కాల్పులకు గురైన తోబుట్టువును మనసులో మోస్తూ స్నేహితుడి పెళ్లికి వెళ్లిన ఫోటో జర్నలిస్టు ఉంది. న్యూయార్క్ వెళ్లే బస్సులో ఎవరో తల్లి వదిలేసి వెళ్లిన పసివాణ్ణి సొంతబిడ్డలా పెంచుకుని, చివరికి వాడికి అసలైన వాళ్లున్నారని తెలుసుకున్న అమ్మాయి ఉంది.

దుఃఖం అందరికీ ఒకటే అంటాం. చావు దగ్గర తెలుపూ నలుపూ లేవంటాం. మంచిమనసుతో అనే మాటే అది. ఎవాన్స్ కథలు ఆ మాట దగ్గర ఆగిపోవు. ఏడవడం అందరికీ వచ్చు. కానీ ఏడుస్తున్న మనిషిని చూసి లోకం ఎంతసేపు ఆగుతుంది? ఆ మనిషి చేసిన తప్పును ఎంతవరకు మన్నిస్తుంది? చెప్పిన మాటను ఎంత నమ్ముతుంది? ఈ మూడూ అందరికీ సమానంగా దొరకవు. అమెరికాలో అవి ఒంటి రంగును బట్టి దొరికాయి, ఇప్పటికీ చాలావరకు అలాగే దొరుకుతున్నాయి. దుఃఖానికి దొరికే ఈ చోటు గురించే ఎవాన్స్ పుస్తకమంతా రాసిందని నా వాదన. జాతి గురించి కొన్ని కథలు, మృత్యువు గురించి కొన్ని కథలు అని విడదీసి చదివితే పుస్తకం చేజారిపోతుంది.

2

కథల్లోకి వెళ్లేముందు కాగితాల సంగతి ఒకటి చెప్పాలి. విద్యార్థులు దీన్ని శ్రద్ధగా వినాలని కోరుతున్నాను.

అమెరికాలో 1850లోనూ 1860లోనూ జనాభా లెక్కలు తీసినప్పుడు బానిసల కోసం వేరే పట్టికలు పెట్టారు. వాటిలో యజమాని పేరు ఉంటుంది. దాని కింద వయసు, ఆడా మగా, రంగు. దాదాపు ఎక్కడా బానిస పేరు ఉండదు. బానిసత్వం పోయాక 1870లో తీసిన లెక్కల్లోనే వాళ్లలో అత్యధికులు మొదటిసారి పేర్లతో కనిపిస్తారు. అందుకే వంశం వెతుక్కునే నల్లజాతి కుటుంబాలకు 1870 ఒక గోడ. దానికి అవతల ముత్తవ్వ ఉందని తెలుసు, ఆమె పేరు దొరకదు. పేరు లేని మనిషి కోసం ఏ సమాధి దగ్గర నిలబడాలి?

విడుదలైనవాళ్లు మొదట చేసిన పనుల్లో ఒకటి తమవాళ్లను వెతుక్కోవడం. న్యూ ఆర్లీన్స్ నుంచి వచ్చే ‘సౌత్‌వెస్టర్న్ క్రిస్టియన్ అడ్వొకేట్’ పత్రికలో 1870ల చివరి నుంచి ‘లాస్ట్ ఫ్రెండ్స్’ అనే శీర్షిక నడిచింది. అమ్మను ఫలానా ఆయన కొన్నాడు, తమ్ముణ్ణి టెక్సాస్ తోలుకుపోయారు, ఎవరికైనా ఆచూకీ తెలిస్తే రాయండి. ఇలాంటి ప్రకటనలు. పాస్టర్లు వాటిని ఆదివారం చర్చిలో పైకి చదివేవారు. అమ్మేసి ముప్ఫై నలభై ఏళ్లయిపోయాక కూడా తల్లుల కోసం పిల్లలు, పిల్లల కోసం తల్లులు ఆ ప్రకటనలు ఇచ్చారు. ఆ దేశం రికార్డుల్లో వాళ్ల ఎడబాటుకు చోటు లేకపోతే చర్చి బల్లల మధ్య చోటు చేసుకున్నారు.

హేలీ ‘రూట్స్’ కూడా ఆ గోడను దాటే ప్రయత్నమే. దాని గురించి పూర్తి నిజం చెప్పడం సహవాసి గారి సభలో మన బాధ్యత. హేలీ చెప్పిన వంశవృక్షం వర్జీనియా రికార్డులతో సరిపోవడం లేదని 1980ల్లో వంశావళి పరిశోధకులు చూపించారు. హెరాల్డ్ కోర్లాండర్ రాసిన ‘ది ఆఫ్రికన్’ నవలలోని భాగాలు ఇందులో ఉన్నాయంటూ వేసిన దావా 1978లో రాజీతో ముగిసింది. ఇవి దాచవలసిన విషయాలు కావు. అయితే ఈ దిద్దుబాట్లు తెలిశాక కూడా ఆ పుస్తకం చదివి ఏడ్చినవాళ్ల ఏడుపు అబద్ధం అయిపోలేదు. వాస్తవాన్ని దిద్దడం వేరు, దుఃఖానికి చోటివ్వడం వేరు. ఎవాన్స్ నవలిక నిలబడింది సరిగ్గా ఈ రెంటి మధ్యే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

3

ఇక ఈ సంపుటిలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టిన కథ. పేరు ‘బాయ్స్ గో టు జూపిటర్’. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను.

క్లెయిర్ అనే తెల్లమ్మాయి వెర్మాంట్‌లో ఒక చిన్న కాలేజీలో చదువుతోంది. సెలవుల్లో కాన్ఫెడరేట్ జెండా ముద్ర ఉన్న బికినీ వేసుకుని ఫోటో దిగింది. అప్పటి బాయ్‌ఫ్రెండ్ ఆ ఫోటోను ఫేస్‌బుక్‌లో పెట్టాడు. హాస్టల్లో పక్కగదిలో ఉండే కార్మెన్ అనే నల్లజాతి అమ్మాయి దాన్ని చూసింది, నలుగురికీ చూపించింది. గొడవ దేశమంతా పాకింది.

ఈ జెండా సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి 1860-61లో అమెరికా నుంచి విడిపోయి యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాల సైన్యాలు ఎగరేసిన జెండా అది. ఓడిపోయాక కూడా అది పోలేదు. పౌరహక్కుల ఉద్యమాన్ని అడ్డుకున్నవాళ్లు దాన్ని మళ్లీ చేతబట్టారు. 2015 జూన్ 17న చార్ల్‌స్టన్‌లోని ఇమాన్యుయేల్ చర్చిలో ప్రార్థనకు వచ్చిన 9 మంది నల్లజాతివాళ్లను కాల్చి చంపిన యువకుడు అంతకుముందు ఆ జెండాతో ఫోటోలు దిగాడు. ఆ తర్వాతే, జులై 10న, దక్షిణ కరోలినా శాసనసభ ఆవరణ నుంచి దాన్ని దించారు. కాబట్టి క్లెయిర్ ఒంటి మీద ఉన్నది ఏదో డిజైన్ అనుకోవడానికి వీల్లేదు.

క్షమించమని అడిగితే గొడవ అక్కడితో చల్లారేదేమో. క్లెయిర్ అడగదు. మొండికేస్తుంది, జెండాను ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఎందుకు? ఎవాన్స్ మనల్ని ఆ పిల్ల గతంలోకి తీసుకెళ్తుంది. చిన్నప్పుడు పక్కింట్లోకి ఆంజెలా అనే నల్లజాతి పిల్ల వచ్చింది. ఇద్దరూ ప్రాణస్నేహితులయ్యారు. ఆంజెలాకి ఆరన్ అనే అన్నయ్య ఉన్నాడు. ఆ తర్వాత ఇద్దరి తల్లులకూ క్యాన్సర్ వచ్చింది. ఆంజెలా తల్లి బతికింది. క్లెయిర్ తల్లి పోయింది.

ఇక్కడ మన గుండె కరుగుతుంది. కరగాలనే ఎవాన్స్ రాసింది. తల్లి పోయిన పిల్ల, తండ్రి మరో పెళ్లి చేసుకున్న పిల్ల, లోకం మీద కోపంతో ఉన్న పిల్ల. స్నేహితురాలి తల్లి బతికి తన తల్లి పోవడాన్ని తట్టుకోలేని పిల్ల. కథ మొదటి నుంచీ ఆమె పక్కనే, ఆమె కళ్లతోనే నడుస్తుంది. మన ఓపికంతా, మన క్షమంతా ఆమెకు ఇచ్చేస్తాం.

అప్పుడు ఆరన్ చావు వస్తుంది. ఒక రాత్రి పార్టీలో తాగి ఒళ్లు తెలియకుండా ఉన్న క్లెయిర్‌ను ఇంటికి చేర్చడానికి ఆరన్ కారు తీసుకొస్తాడు. అక్కడున్న తెల్ల కుర్రాళ్లకు స్నేహితురాలి అన్నయ్య కనిపించలేదు. స్పృహలేని తెల్లపిల్లను ఎక్కించుకుపోతున్న నల్లవాడు కనిపించాడు. వెంబడించారు. ప్రమాదం జరిగింది. క్లెయిర్ బతికింది. ఆరన్ చనిపోయాడు.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించమని మిమ్మల్ని కోరుతున్నాను. ఈ కథలో రెండు చావులున్నాయి. మొదటిది, తల్లి చావు, క్లెయిర్ ప్రతి పనికీ కారణంగా నిలబడుతుంది. ఆమెను అర్థం చేసుకోవడానికి మనకు ఒక తలుపు తెరుస్తుంది. రెండోది ఒక మంచిపని చేయబోయిన కుర్రాడి చావు. అది క్లెయిర్ కథలో ఒక సంఘటనగా వచ్చి వెళ్లిపోతుంది. ఆరన్ తల్లి ఎలా ఏడ్చిందో మనకు తెలియదు. క్యాన్సరును జయించి బతికిన ఆ తల్లి కొడుకును పాతిపెట్టాల్సి వచ్చింది. ఆమె ఏ పిచ్చిపని చేసినా దేశం ‘పాపం, కొడుకు పోయిన మనిషి’ అని ఊరుకునేదా? ఆంజెలా అన్న పోయిన బాధలో రెచ్చగొట్టే జెండా ఏదైనా ఒంటికి చుట్టుకుని ఉంటే కాలేజీ ఆమె కోసం సమావేశాలు పెట్టి ఆమె వైపు వాదన వినేదా? ఆ కుటుంబం కథలోంచి నెమ్మదిగా తప్పుకుంటుంది. ఆ తప్పుకోవడాన్ని గమనించే బాధ్యతను ఎవాన్స్ మన మీద పెట్టింది.

ఈ కథలో ఎవాన్స్ చూపిన నైపుణ్యం అసాధారణం. క్లెయిర్‌ను ఆమె రాక్షసిని చేయలేదు. అలా చేసి ఉంటే మనం సుఖంగా క్లెయిర్‌ను ద్వేషించి పుస్తకం మూసేసేవాళ్లం. నల్లజాతి రచయిత్రి ఒక తెల్లపిల్ల దుఃఖాన్ని ఇంత దగ్గరగా, ఇంత దయతో రాసింది. ఆ దయ వల్లే మనం పట్టుబడతాం. చదువుతున్న మనమే ఒక దుఃఖానికి ఎంత చోటిచ్చామో, రెండోదానికి ఎంత ఇచ్చామో బయటపడుతుంది. ఈ కథను క్లాసులో చెప్పే అధ్యాపకులు ఇక్కడున్నారు. క్లెయిర్ మంచిదా చెడ్డదా అన్న చర్చతో పీరియడ్ అయిపోనివ్వకండి. ఆరన్ పేరు ఎన్నో పేజీలో మర్చిపోయారో పిల్లల్ని అడగండి.

4

దుఃఖం చావుతో మొదలవదు. ఒంట్లో నొప్పి మొదలైనప్పుడే దాన్ని ఎవరు నమ్ముతారన్న ప్రశ్న వస్తుంది. 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యార్థులనూ రెసిడెంట్ డాక్టర్లనూ అడిగి చేసిన అధ్యయనంలో వాళ్లలో దాదాపు సగం మంది నల్లవాళ్ల శరీరం గురించిన కనీసం ఒక తప్పుడు నమ్మకాన్ని నిజమనుకుంటున్నారని తేలింది. వాళ్ల చర్మం మందమన్నది వాటిలో ఒకటి. అలా నమ్మినవాళ్లు నల్లజాతి రోగి నొప్పిని తక్కువగా అంచనా వేశారు. 2021లో అమెరికా ప్రభుత్వ లెక్కల ప్రకారం ప్రతి లక్ష సజీవ జననాలకు నల్లజాతి తల్లుల మరణాలు 69.9, తెల్లజాతి తల్లులవి 26.6.

‘హ్యాపిలీ ఎవర్ ఆఫ్టర్’ కథలో నల్లజాతి అమ్మాయి లీసాను ఈ వెలుగులో చదవాలి. టైటానిక్ ఓడ నమూనాగా కట్టిన వినోదశాలలో బహుమతుల దుకాణంలో పనిచేస్తుంది లీసా. తల్లి క్యాన్సరుతో పోయింది. అదే జబ్బు తనకు రాకుండా ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అన్నది ఆమె ముందున్న ప్రశ్న. పిల్లల పుట్టినరోజు పార్టీల్లో రాకుమారి వేషం ఆమెకు ఇవ్వరు. చరిత్రకు సరిపోదంటారు. టైటానిక్‌లో నల్లవాళ్లు ఎక్కడున్నారని.

ఉన్నారు. హైతీలో పుట్టిన జోసెఫ్ లరోష్ అనే ఇంజనీరు భార్యనూ ఇద్దరు కూతుళ్లనూ వెంటబెట్టుకుని సెకండ్ క్లాసులో ప్రయాణం చేశాడు. 1912 ఏప్రిల్‌లో ఓడ మునిగినప్పుడు భార్యాపిల్లలు పడవెక్కి బతికారు, ఆయన మునిగిపోయాడు. ఫ్రాన్సులో చదువుకున్నా రంగు కారణంగా అక్కడ సరైన ఉద్యోగం దొరక్క, సొంతదేశానికి తిరిగిపోదామని బయల్దేరిన మనిషి. ప్రపంచమంతా నూరేళ్లకు పైగా ఏడుస్తున్న ఒక ప్రమాదంలోనే ఆయన చావూ ఉంది. ఆ ఏడుపులో ఆయన పేరు వినబడదు.

5

ఇప్పుడు నవలిక. పుస్తకానికి పేరు ఇచ్చింది ఇదే. చరిత్ర గురించి జనంలో చెలామణీ అవుతున్న తప్పులను సరిదిద్దడానికి వాషింగ్టన్‌లో ఒక ప్రభుత్వ సంస్థ ఏర్పడిందని ఎవాన్స్ ఊహించింది. కాస్సీ అందులో ఉద్యోగి, అంతకుముందు చరిత్ర చెప్పిన ప్రొఫెసరు. దుకాణం బోర్డు మీదో, విగ్రహం కింద పలక మీదో తప్పు కనిపిస్తే మర్యాదగా దిద్ది వస్తుంది. చిన్నప్పటి నుంచీ ఆమెకు స్నేహితురాలూ పోటీదారూ అయిన జెనెవీవ్ కూడా అక్కడే పనిచేసేది. ఆమె దిద్దుబాట్లు మరీ ఘాటుగా ఉన్నాయని ఉద్యోగం పోయింది. విస్కాన్సిన్‌లో చెర్రీ మిల్ అనే ఊళ్లో, 1930ల్లో తెల్లవాళ్ల మధ్య దుకాణం పెట్టుకున్న నల్లజాతి మనిషిని ఊరివాళ్లు తగలబెట్టిన చోట ఒక స్మారక ఫలకం ఉంది. జెనెవీవ్ ఆ పలకను మార్పించి, చంపినవాళ్ల పేర్లు చేర్పించింది. అది తప్పేమోనన్న ఫిర్యాదు వస్తే విచారించడానికి కాస్సీ వెళ్తుంది. ముగింపు చెప్పను. మీరు చదవాలి.

ఇందులో ఇద్దరు స్త్రీలకూ వాస్తవం మీద గౌరవం ఉంది. తేడా ఒక్కచోటే. కాస్సీ తప్పును దిద్దితే చాలంటుంది. చనిపోయినవాడి పేరు రాసి, చంపినవాళ్లను ‘కొందరు’ అని వదిలేస్తే అది సగం వాస్తవం అంటుంది జెనెవీవ్. నేను జెనెవీవ్ వైపు. కర్త లేని వాక్యంలో నేరం వాతావరణంలా జరిగిపోతుంది, వానలా, గాలిలా. ఏడ్చేవాళ్లు మిగులుతారు, చేసినవాళ్లు మాయమవుతారు.

ఇది కల్పన అనుకునేవాళ్ల కోసం చెబుతున్నాను. 1955 ఆగస్టు 28న మిసిసిపీలో ఎమ్మెట్ టిల్ అనే 14 ఏళ్ల కుర్రాణ్ణి ఎత్తుకుపోయి చంపి టల్లహాచీ నదిలో పడేశారు. చంపినవాళ్లను జ్యూరీ వదిలేసింది. శవం దొరికిన చోట 2008లో బోర్డు పెట్టారు. దాన్ని పీకేశారు. మళ్లీ పెడితే తుపాకులతో కాల్చారు. మరోటి పెడితే మళ్లీ కాల్చారు. 2019లో నాలుగోసారి పెట్టిన బోర్డు తూటాలు దిగనిది. బరువు దాదాపు 500 పౌండ్లు. చనిపోయి అరవై ఏళ్లు దాటిన పిల్లవాడి జ్ఞాపకానికి కూడా కవచం తొడగాల్సి వచ్చింది.

ఆ పిల్లవాడి తల్లి మేమీ టిల్ చేసిన పనిని ఇక్కడ తలుచుకోవాలి. చికాగోలో అంత్యక్రియలప్పుడు శవపేటిక మూత తెరిచే ఉంచమంది. కొడుకును ఏం చేశారో అందరూ చూడాలంది. వేలాది మంది వరుసల్లో వచ్చి చూశారు. ‘జెట్’ పత్రిక ఫోటోలు వేసింది. లోకం తన దుఃఖానికి చోటివ్వదని తెలిసిన తల్లి ఆ చోటును లాక్కుంది. పౌరహక్కుల ఉద్యమంలోకి ఒక తరాన్ని నడిపించినవాటిలో ఆ తెరిచిన పెట్టె ఒకటి. మూకహత్యను ఫెడరల్ నేరంగా ప్రకటించే చట్టం ఆ పిల్లవాడి పేరుతోనే వచ్చింది. అదీ 2022 మార్చిలో.

ఎవాన్స్‌కు ఈ వారసత్వం తెలుసు. ‘ఆల్కట్రాజ్’ కథలో తల్లి తన తాత మీద పడ్డ మచ్చను తుడిపించడానికి ఏళ్ల తరబడి ప్రభుత్వంతో పోరాడుతుంది. కూతురు ఆల్కట్రాజ్ జైలు దీవికి ఎన్నడూ కలవని తెల్ల బంధువులను పిలిచి ఒకచోట నిలబెడుతుంది, అమ్మకు కాస్త ఊరట దొరుకుతుందేమోనని. ఆ బంధువులు దుర్మార్గులు కారు. వాళ్లకు అది ఒక సెలవురోజు, అంతే. ఆ చిన్న దూరం నాకు చాలా పెద్ద క్రూరత్వాల కన్నా ఎక్కువ బాధ కలిగించింది.

6

ఈ హాల్లో కూర్చున్న మనకు దీంతో ఏం సంబంధం అని ఎవరైనా అడగవచ్చు. సంబంధం పాతదే. జోతిబా ఫూలే 1873లో ‘గులాంగిరి’ని అమెరికాలో బానిసత్వాన్ని తొలగించినవాళ్లకు అంకితమిచ్చాడు. 1946లో అంబేద్కర్ అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు, ఐక్యరాజ్యసమితికి నల్లజాతివాళ్లు ఇచ్చిన విజ్ఞప్తి ప్రతి కావాలని అడుగుతూ. డుబాయిస్ జవాబు రాశాడు. ఒకరి పోరాటం ఒకరికి అర్థమైంది.

ఇంకో సంబంధం ఇక్కడున్న చాలామంది ఇళ్లలోనే ఉంది. మన పిల్లలు డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఇళ్లు కొనుక్కోగలిగారంటే దారి తెరిచింది 1965 వలస చట్టం. అంతకుముందు మనవాళ్లకు ఏటా దొరికింది వేళ్ల మీద లెక్కపెట్టేంత కోటా. 1964 పౌరహక్కుల చట్టం, ఆ వెంటే 1965 వలస చట్టం. మొదటిదాని కోసం నల్లజాతివాళ్లు దెబ్బలు తిన్నారు, జైళ్లకు వెళ్లారు, చనిపోయారు. రెండోదాని ఫలం మనం తింటున్నాం. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లో మన హైదరాబాద్ ఇంజనీరును ఒక తెల్లవాడు కాల్చి చంపినప్పుడు తెలుగు లోకం మొత్తం ఏడ్చింది. ఏడవాల్సిందే. అదే దేశంలో పోలీసు తూటాకు పోయిన నల్లపిల్లల వార్త విన్నప్పుడు మన ఇళ్లలో ‘వాళ్లున్న ఏరియాకు వెళ్లకు’ అన్న మాటే ఎక్కువగా వినిపిస్తుంది. ఇది చెబుతుంటే నాకు బాధగా ఉంది, కానీ ఈ వేదిక మీద చెప్పకపోతే ఇంకెక్కడ చెప్పాలి?

కులమూ జాతీ ఒకటని నేను అనను. వాటి పుట్టుక వేరు, నడక వేరు. కానీ చుండూరును మర్చిపోయి చెర్రీ మిల్ గురించి మాట్లాడే హక్కు మనకు లేదు. 1991 ఆగస్టు 6న అక్కడ 8 మంది దళితులను చంపారు. బతికినవాళ్లు శవాలను ఊరి నడుమే పాతిపెట్టి ఆ చోటును రక్తక్షేత్రం అన్నారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఆ హైకోర్టు కాగితం ప్రకారం చంపినవాళ్లు లేరు. రక్తక్షేత్రం ఉంది. అక్కడ పాతిపెట్టినవాళ్ల కుటుంబాలున్నాయి.

చివరిగా యువ అనువాదకులకు ఒక విన్నపం. అనుమతులు తెచ్చుకుని ఈ ఏడు రచనల్లో ఒక్కటైనా తెలుగులోకి తీసుకురండి. ‘బాయ్స్ గో టు జూపిటర్’తో మొదలుపెట్టండి. సహవాసి గారు అంత పెద్ద పుస్తకాన్ని కుదించి తెచ్చారు. ఈ కథను మాత్రం ఒక్క వాక్యం కూడా కుదించకండి. ఆరన్‌కు అందులో ఉన్న చోటే తక్కువ.